మర్యాదస్తుడి ఆయాసం

మా ఆయన యూసుఫ్ గారిని తాడేపల్లిగూడెంలో మెచ్చుకోనివాళ్ళు లేరు. ఎందుకు మెచ్చుకోరు? ఎప్పుడో ఈయన దగ్గర కుట్టించుకున్న పరుపు ఉండలు కట్టిందని గణపవరం నుంచి ఆటోలో వేసుకొచ్చినా, "అలాగేనండీ, మళ్ళీ ఏకి ఇస్తానండీ" అంటారు. కూలి అడగరు. నేను లోపల గిన్నెలు ఎత్తి కుదేస్తే, బయటికి వినపడుతుందని నాకే సైగ చేస్తారు.

దూది ఏకే మిషను దగ్గర పీల్చిన నుసి, మానేశానంటూనే కాల్చిన బీడీలు కలిసి ఆయన ఊపిరితిత్తుల్ని తినేశాయి. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదన్నారు. ఏలూరు ఆసుపత్రిలో డాక్టర్ క్రిస్టినా గారు ఒక మందు పరీక్ష సంగతి చెప్పారు. గుండెజబ్బుకి వాడే మాత్ర ఈ ఆయాసం రోగులకు పనికొస్తుందేమో చూస్తున్నారట. కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికేది ఇస్తున్నారో ఆవిడకీ తెలియదు. తట్టుకున్నవాళ్ళకి కొద్దికొద్దిగా డోసు పెంచుతారు. ఇష్టం లేకపోతే చేరక్కర్లేదని ఆవిడ మరీ మరీ చెప్పారు.

"అంత పెద్దావిడ అడిగితే కాదంటే ఏం బాగుంటుంది సాబిరా?" అన్నారు ఈయన. పెళ్ళికి పిలిస్తే ఒప్పుకున్నట్టు ఒప్పేసుకున్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది.

మాత్ర మొదలుపెట్టాక ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రిలో మాత్రం "బాగానే ఉందండీ" అనేవారు. డోసు పెంచారు. ఊదే పరీక్షలో అంకె తగ్గితే, "పొద్దున టిఫిను ఎక్కువైందండీ, సరిగ్గా ఊదలేకపోయాను, ఏమనుకోకండి" అన్నారట. మళ్ళీ పెంచారు.

మొన్న ఏలూరు వెళ్ళేటప్పుడు స్టేషన్‌లో మెట్ల మధ్యలో కూలబడ్డారు. వెంట వచ్చిన మా మరిది నౌషాద్ పట్టుకుని లేపాడు. ఇప్పుడు ఆ మిషను నడిపేది అతనే. అతనికీ దగ్గు మొదలైంది. దారినపోయే ఒకాయన ఆగి, "ఇబ్బందిగా ఉందాండీ?" అని అడిగితే, ఈయన నవ్వి, "అబ్బే, ఊరికే కూర్చున్నానండీ" అన్నారు. నీలం తిరిగిన పెదాలతో ఆ నవ్వు చూసి నాకు ఏడుపు రాలేదు. రెండు తగిలించాలనిపించింది.

ఆసుపత్రికి చేరాక డాక్టరమ్మ అడిగారు. "ఎలా ఉందండీ?"

"మీ దయవల్ల బాగానే..."

నేను బల్ల మీద చెయ్యి వేసి కొట్టాను. "ఏం బాగుందండీ? చొక్కా గుండీలు నేను పెడుతున్నాను. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నారు. మీ ముందు ఒక మాట, నా ముందు ఒక ఆయాసమా?"

ఆవిడ మొహం జేవురించింది. "బాగుందన్నారనే కదండీ డోసు పెంచాను! బాగోలేదని ఒక్కమాట అంటే అప్పుడే ఆపేసేదాన్ని."

"మీరు నొచ్చుకుంటారని..." గొణిగారు ఈయన.

"నొచ్చుకోవడానికి ఇది విందు భోజనం కాదండీ. మీరు బాగుందంటే బాగుందనే రాసుకుంటాం. మీలాంటి నలుగురి మాటలు నమ్మి, రేపు ఈ జబ్బున్న ప్రతివాళ్ళకీ ఈ మాత్రే రాస్తారు."

గుమ్మం బయట బెంచీ మీద నౌషాద్ దగ్గుతున్నాడు. ఈయన తల అటు తిప్పారు.

"వాడికీ రాస్తారాండీ?"

"రాయొచ్చండీ."

"అయితే బాగోలేదండీ," అన్నారు. "మొదట్నుంచీ బాగోలేదు. నాకు ఊపిరాడటం లేదు."

డాక్టరమ్మ మాత్ర అక్కడికక్కడే ఆపించి, ఆక్సిజన్ పెట్టించారు. నేను మంచం పక్కనే నిలబడ్డాను. ఇన్నాళ్ళూ నేను కాళ్ళావేళ్ళా పడ్డా రాని మాట, తమ్ముడు దగ్గితే వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను, కోపంగానే.