ఎల్లుండి అన్న మాట

ఇరవై ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, కక్కలేను. చూడబోతే చిన్న మాట, తెలుగిళ్ళల్లో రోజుకు పదిసార్లు అనుకునేదే. దాంతో నేను ఒక మనిషిని పక్కకు నెట్టి ఆమె జాగాలో కూర్చున్నాను. ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాను. నా పేరు అడగకండి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నన్ను అందరూ కోచ్ మేడం అంటారు, అది చాలు.

మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా నాన్న ఇంజిన్ డ్రైవరు. మా వెనక లైను క్వార్టర్లో నీలవేణి ఉండేది, గ్యాంగ్‌మన్ కూతురు. ఇద్దరం ఒకే కాలేజీ, ఒకే బాస్కెట్‌బాల్ జట్టు. జట్టులో తెలుగువాళ్ళం మేమిద్దరమే కాబట్టి ఆటలో ఎత్తులన్నీ తెలుగులో చెప్పుకునేవాళ్ళం. నీలు "ఎడం, ఎడం" అంటే ఎదుటివాళ్ళు అదేమిటో అర్థంకాక మొహమొహాలు చూసుకునేవారు. ఆ లోపల బంతి బుట్టలో పడేది.

నీలుకు నా కన్నా ఆట బాగా వచ్చు. ఈ వాక్యం రాయడానికి ఇవాళ కూడా నా చెయ్యి మొరాయించింది. నేను తలెత్తి చూసి, ఎవరెక్కడున్నారో లెక్క చూసుకుని బంతి వేసేదాన్ని. ఆమె చూడకుండానే వేసేది, అందుకోవలసిన మనిషి సరిగ్గా అక్కడే ఉండేది.

ఆమెకు ఒక్క తికమక ఉండేది. తెలుగులో నిన్నకీ రేపుకీ తేడా తెలిసేది కాదు. హిందీలో రెంటినీ కల్ అనే అంటారు కదా. మొన్నా ఎల్లుండీ కూడా అంతే, రెండూ పర్సోం. "నిన్న వస్తాను పిన్నీ" అని మా అమ్మకు చెప్పి వెళ్ళిపోయేది. కాలనీ అంతా ఆటపట్టించేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది. కానీ ఒక్క సంగతి చూడండి. ఆమె గడిచిన రోజునూ రాబోయే రోజునూ కలిపేసేది గాని, రేపునూ ఎల్లుండినీ ఏనాడూ కలపలేదు. ఎలా కలుపుతుంది? హిందీలో కూడా అవి వేరువేరు మాటలే. ఇది ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది, అప్పుడే తట్టింది.

కాలేజీ చివరి ఏడాదిలో ఆటగాళ్ళ కోటా కింద అమ్మాయిలకు ఒకే ఒక్క రైల్వే ఉద్యోగం వచ్చింది. నీలు నాన్నకు మరుసటేడు రిటైర్మెంటు. ఆమెకు ఉద్యోగం వస్తే క్వార్టర్ ఆమె పేరు మీదకు మారుతుంది, రాకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. మా నాన్నకు ఇంకా పన్నెండేళ్ళ సర్వీసుంది. నాకు ఆ ఉద్యోగం అవసరం లేదు. కావాలంతే.

ఒకనాటి సాయంత్రం మా కోచ్ సార్ నన్ను పిలిచి, సెలక్షన్ రేపు పొద్దున్న ఏడింటికి, నీలుకి కూడా చెప్పమన్నారు. అప్పట్లో మా ఇళ్ళల్లో ఫోన్లు లేవు. ఆమె తప్పకుండా రావాలని రెండోసారి కూడా అన్నారు. నువ్వు తప్పకుండా రావాలని నాతో అనలేదు. నేను సైకిలెక్కాను. దారిలోనే అనుకున్నానా, వాళ్ళ గేటు తీశాక అనుకున్నానా? ఎన్నోసార్లు వెతుక్కున్నాను. పొరపాటున నోరు జారిందని నన్ను నేను నమ్మించుకోవడానికి ఏళ్ళ తరబడి పాట్లు పడ్డాను. నోరు జారలేదు.

నీలు వాకిట్లో కూర్చుని ఆట బూట్లు ఉతుక్కుంటోంది.

"ఏటే, సెలక్షన్ ఎప్పుడంట?"

"ఎల్లుండి. పొద్దున్న ఏడింటికి."

"అచ్ఛా. ఐతే రేపు అమ్మతో మస్తూరీ ఊరెల్లొచ్చీస్తాను, మా పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదు. పక్కా ఎల్లుండే కదా?"

"పక్కా."

రెండోసారి అడిగింది చూశారా. ఆ రెండో ప్రశ్న నాకు తప్పించుకునే దారి. ఇంకా వెనక్కి తిరగొచ్చు. నేను తిరగలేదు. పైగా వాళ్ళమ్మ ఇచ్చిన టీ తాగి మరీ వచ్చాను.

మర్నాడు నీలు రాలేదు. సార్ మనిషిని పంపిస్తే క్వార్టర్‌కు తాళం వేసి ఉందన్నాడు. నన్నడిగారు. చెప్పాను సార్ అన్నాను. ఆ పొద్దున్న నేను ఆడినట్టు అంతకు ముందు ఎప్పుడూ ఆడలేదు, తర్వాతా ఆడలేదు. ఒక్క బంతైనా తప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. తప్పలేదు.

ఆ పై రోజు ఉతికిన బూట్లు వేసుకుని నీలు ఆరున్నరకే గ్రౌండుకు వెళ్ళింది. అక్కడ ఊడ్చేవాడు, కల్ హో గయా, నిన్ననే అయిపోయింది అన్నాడట. తిన్నగా మా ఇంటికి వచ్చింది.

"నువ్వు ఎల్లుండి అన్నావు కదే."

"రేపన్నాను. నీకు రేపూ నిన్నా ఎప్పుడు తెలిసాయి గనక?"

వంటింట్లోంచి మా అమ్మ, ఈ గుంటతో ఎప్పుడూ ఇంతేనమ్మా అని నొచ్చుకుంది. నీలు నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది.

"ఐతే నేనే తప్పు ఇన్నానేటి" అంది.

తన చెవిని కాదని నన్ను నమ్మింది. ఉద్యోగం లాక్కోవడం ఒక తప్పు. ఆమె చెవి మీద ఆమెకే నమ్మకం లేకుండా చెయ్యడం ఇంకొకటి. ఏది పెద్దదంటారు?

నాకు ఉద్యోగం వచ్చింది. పన్నెండేళ్ళు ఆడి కోచ్‌నయ్యాను. వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసి ఊరి చివర అద్దెకు పోయారు. నీలు మళ్ళీ బంతి ముట్టలేదు. అంతకన్నా దారుణం ఒకటుంది. చాలా ఏళ్ళకు బజార్లో వాళ్ళమ్మ చెప్పింది. "మా గుంట ఇంట్లో కూడా హిందీయేనమ్మా. తెలుగులో నాకు తప్పులొస్తాయి అంటాది. కన్నతల్లిని, నాతో కూడా మాటాడదు." నేను కూరలు ఏరుకుంటూ, ఇక్కడి పిల్లలంతా అంతే పిన్నీ అన్నాను.

ఇప్పుడు నీలు బోద్రీ కోర్టులో ఒక వకీలు దగ్గర మున్షీ, అంటే గుమాస్తా. రోజూ షేర్ ఆటోలో వెళ్ళొస్తుంది. కక్షిదారులకు పేషీ తారీఖులు, అంటే కేసు వాయిదా రోజులు, రాసివ్వడం ఆమె పని. తారీఖు రాసి, పక్కన వారం రాసి, వాళ్ళ చేత పైకి చెప్పించుకుంటేగాని చీటీ ఇవ్వదట. ఇన్నేళ్ళలో ఒక్క పేషీ తప్పలేదట.

నేనేం చేశానో కూడా వినండి. ప్రతి ఏడూ కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు ఒక కథ చెబుతాను. నాతో ఆడిన ఒకమ్మాయి నాకన్నా బాగా ఆడేది, రోజు సరిగ్గా వినక చేతికందిన ఉద్యోగం పోగొట్టుకుంది అని. పేరు మాత్రం చెప్పను. అదే పెద్ద మర్యాద అనుకున్నాను.

పోయిన నెల నీలు తన కూతుర్ని నా దగ్గర చేర్పించడానికి తీసుకొచ్చింది. నా ఎదురుగానే ఆ పిల్లకు హిందీలో జాగ్రత్త చెప్పింది, మేడం ఏం చెప్పినా రెండుసార్లు అడిగి తెలుసుకో, నేను ఒకసారి తప్పు విని నష్టపోయాను అని. చెప్పి నా వైపు చూసి నవ్వింది, పాత స్నేహితురాలిని కదా. రెండుసార్లు అడిగావే నీలూ, అప్పుడూ రెండుసార్లే అడిగావు అని నోటిదాకా వచ్చింది. రోజూ ఐదింటికి పంపించు అన్నాను. ఆ పిల్ల కూడా చూడకుండానే బంతి వేస్తుంది. ఐదు కొట్టేసరికి నేను గేటు వైపు వీపు పెట్టి నిలబడుతున్నాను.

మరి ఆమెకు చెప్పకుండా మీకెందుకు చెబుతున్నాను? ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నాను? నీలుకు తెలుగు చదవడం రాదు. చదవగలిగిన వాళ్ళమ్మ ఇప్పుడు లేదు. ఒప్పుకునేటప్పుడు కూడా దొంగదారే వెతుక్కున్నాను, నా బుద్ధి అంతే. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలోది కాదు. కానీ ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు ఉండాలని రాస్తున్నాను.

సెలక్షన్ రేపు. నేను ఎల్లుండి అన్నాను. నీలు సరిగ్గానే విన్నది.