మోరి నీళ్లు కొలిచిన మీదింటి సారు

మీదింటి సారు పోయిన్రని మొన్న బేస్తారం పొద్దుగాల తెలిసింది. మా గల్లీ మూలమీది మందుల దుకాణానికి వాళ్ల బిడ్డ ఫోన్ చేసిందట. దుకాణపాయన వచ్చి తలుపు కొట్టంగనే నా గుండె జారింది. తలుపు ఎవరు కొట్టినా నాకు గంతే. కొడుకుకు ఏమన్న అయిందా, మనుమరాలు బస్సు దిగంగ పడ్డదా, అన్నీ ఒక్కపారే మతికొస్తయ్. మీ పాత కిరాయి సారు దవాఖానల నిద్రలనే పోయిన్రటమ్మా అని ఆయన చెప్పిండు. అందరి మీద ఫికర్ పెట్టుకుంట గని సారు మీద ఎన్నడు పెట్టుకోలె. ఆయన ఎట్లనో ఉంటరనే అనుకున్న.

నేను సదివింది తక్కువ. నాకు తెలిసినట్టు రాస్తున్న, మీరే సర్దుకొని సదువుండ్రి.

మాది నాంపల్లి టేషన్ ఎనుక గల్లీ. కింద మేముంటుంటిమి, మీది రెండర్రలు కిరాయికిచ్చేది. ఆంధ్రా, తెలంగాణ ఒక్క రాష్ట్రమైనంక దఫ్తర్లల్ల పనిచేసెటందుకు కోస్తా దిక్కుకెళ్లి శానమంది వచ్చిన్రు. సారు గట్ల వచ్చినోళ్లే. అప్పుడు మా అత్త బతికే ఉండె. ఆంధ్రోళ్లకు ఇయ్యకు, వాళ్ల మిరపకాయల ఘాటుకు ఇల్లంత తుమ్మాలె అన్నది. తీరా వచ్చినంక ఇంట్ల ఘాటు మిరపకాయలది కాదు, సీసలది.

సారుది సర్కారు లెబోరేటరీల కొలువు. మొదట్ల బావుల నీళ్లు, నల్లా నీళ్లు మంచియా కావా అని చూసెటోళ్లు. ఊరి చుట్టు ఫ్యాక్టరీలు పెరిగినంక, వాటి మోరీలల్ల ఏం కలిసి బయటికి పోతున్నదో చూసుడు ఆయన పనైంది. పెద్ద పెద్ద సీసలు తెచ్చి మీద పిట్టగోడ మీద బోర్లించెటోళ్లు. నాకు అవి చూస్తెనే పానం కొట్టుకునేది. పిల్లలు అండ్ల నీళ్లు పోసుకొని తాగితే? ఒకనాడు ఉండలేక అడిగిన. ఖాళీవే అక్కయ్యగారూ, కడిగినవే అన్నరు. ఖాళీదైతేంది సారూ, పిల్లలకు సీస కనవడితే సాలు గదా అన్న. తెల్లారి చూస్తే తాళమేసిన ట్రంకుపెట్టె వచ్చింది. సీసలన్నీ అండ్లకు పోయినయ్.

నా భయానికి అందరు నవ్వెటోళ్లు, మా ఆయన ముందుగాల. సారు నవ్వలె.

"మా ఆఫీసులో మీలాంటివాళ్లు ఒకరుండాలండీ," అన్నరు. "భయపడేవాళ్లు లేకే ఆ కాలవలు అలా ఉన్నాయి."

ఆయన పని ముచ్చట నాకు మా వంటింటి మాటలల్లనే చెప్పెటోళ్లు. పొద్దటి సంది పొద్దుగూకె దాక ఒక్క మోరి కాడనే కూసుంటరని తెలిసి, ఒక్క సీస పట్టుకొని రాక గంతసేపు ఏంది సారూ అన్న. పైన తేరిన నీళ్లు నోట్లో వేసుకుని పులుసు రుచి చెప్పగలరా అని నన్నే అడిగిన్రు. ఫ్యాక్టరీ ఒక్కతీరు వదలదట. గంటకింత పట్టి, అన్నీ కలిపి చూస్తెనే ఆ రోజు సంగతి తెలుస్తదట. ఇంకోటి, సీసను కూడ ఏ నీళ్లు పట్టాలెనో ఆ నీళ్లతోనే మొదలు కడిగి పారబోసి, అప్పుడు నింపాలెనట. మురికినీళ్లతోని కడుగుడేంది అని మా అత్త ముక్కు మూసుకుంది. సారు ఇంటికి రాంగనే నల్లా కాడ చేతులు రుద్ది రుద్ది కడిగెటోళ్లు, గోర్ల సందులు సుత. అయినా అన్నం తినేటప్పుడు ఎడమ చేతిని ఎనుకకు పెట్టుకొని కూసునుడు ఆయనకు అలవాటు. మోరిల సీస ముంచేది ఆ చేతితోనేనట.

ఇగ అసలు ముచ్చట.

మా ఆయన ఆబిడ్స్‌ల ఒక కంపెనీ దఫ్తర్ల గుమాస్తా. ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఊరి బయట ఉండె. సైకిల్ సామాన్లకు మెరుపు గిలిటు పోసుడు వాళ్ల పని. గిలిటు పోసినంక మిగిలిన పసుప్పచ్చ నీళ్లు మోరిల వదిలితే అవి కింద ఒక పల్లె దిక్కు పారేటియి. ఆ పల్లె బావి సుత పచ్చగైందని, పిల్లల చేతులకు పుండ్లు లేస్తున్నయని వాళ్లు అర్జీ పెట్టుకున్నరు. అప్పుడప్పుడే సర్కారుది కొత్త కాయిదా, అదే చట్టం, వచ్చింది. ఏ ఫ్యాక్టరీ అయినా ఎంత మురికి వదులుతున్నదో సర్కారుకు చెప్పాలె, సర్కారోళ్లు వచ్చి కొలిచి చూస్తరు. మా ఆయన కంపెనీని కొలువనీకి ఎవర్ని పంపిన్రనుకున్నరు? మా మీదింటి సారునే.

ఆ సంగతి మా ఆయన అన్నం తినుకుంట మెల్లగ చెప్పిండు. మేనేజరు ఏం ఫికర్ లేదన్నడట. సారు వచ్చిన దినం బోరు మోటర్ ఏసి మంచినీళ్లు మోరిలకు ఇడుస్తరట. పచ్చనీళ్లు తెల్లగైతయ్, సీసల ఏం కనవడది. ఇని నాకు జర నిమ్మలమైంది. అబద్ధమెందుకు, నాకు పల్లె బావి మతికి రాలె. మా ఇంటి పొయ్యి మతికొచ్చింది.

సారు పోయిన్రు. సీసలతోని ఒక చెక్క సుత కొంచపోయిన్రు. దానికి నడుమల మూడు మూలల కోత ఉండె. మోరికి అడ్డం పెడితే నీళ్లన్నీ ఆ కోతలకెళ్లే పారాలె. అండ్ల నీళ్లు ఎంత ఎత్తు లేస్తున్నయో చూస్తే, ఎన్ని నీళ్లు పోతున్నయో లెక్క తెలుస్తదట. మేనేజరుకు ఆ చెక్క సంగతి తెల్వక, ఇంకింత పలుచగైతదని ఇంకో మోటర్ సుత ఏయించిండట. నీళ్లు చెక్క మీదికెళ్లి పొంగినయట. సారు ఏం అనలేదట. ఒడ్డుకు కూసొని, పొంగు తగ్గేదాక బీడీ కాల్చుకుంట ఉన్నరట. ఆ బీడీ ముచ్చట చెప్పేటప్పుడు మా ఆయనకే నవ్వొచ్చింది. నాకు రాలె.

మరునాడు నల్లా కాడ సారును పట్టుకున్న. మా ఆయన దఫ్తర్‌కు పోయి ఉండె. నీళ్లు తెల్లగనే ఉన్నయట గదా సారూ, ఇగ మంచిదే గదా అన్న. సారు బిందె కింద పెట్టిన్రు.

"మజ్జిగలో నీళ్లు పోస్తే పెరుగు తగ్గదండీ అక్కయ్యగారూ. గ్లాసులు పెరుగుతాయి. నేను గ్లాసులు కూడా లెక్కపెట్టాను."

నేను జర దగ్గరికి జరిగిన.

"సారూ, జర తక్కువ రాయుండ్రి. ఫ్యాక్టరీ మూతవడితే మా ఆయన కొలువు పోతది. ఈ వయసుల ఆయనకు ఎవలిస్తరు?"

"బావగారు అడగమన్నారా?"

"లే. ఆయనకు తెలిస్తే నన్ను సంపుతడు."

నల్లా పోతనే ఉన్నది, బిందె నిండి పారుతున్నది, ఇద్దరం ఆపలె.

"తక్కువ రాయలేనండీ. ఆ బావి చూసొచ్చాను," అన్నరు. "ఎక్కువ కూడా రాయను. ఎక్కువ రాయమనేవాళ్లూ ఉన్నారు. ఉన్నది రాసి, ఏం చేస్తే తగ్గుతుందో కింద రాస్తాను. మూస్తారా ఉంచుతారా అన్నది నా చేతిలో లేదు."

గంతే. బిందె ఎత్తుకొని మీదికి పోయిన్రు. నేను అట్లనే నిలవడ్డ. కోపం రాలె, ఏడుపు రాలె. పానం అలిసిపోయింది. ఒక్క ఇంట్ల కింద ఒకలు మీద ఒకలు ఉండి, ఇద్దరి బువ్వ ఒక్క మోరి మీద ఆధారపడుడేంది అనుకున్న.

ఆ తర్వాత రోజులు ఎట్ల గడిచినయో నాకే తెలుసు. మా ఆయన సగం కంచం ఇడిచిపెట్టి లేచేది. తపాలాయన సైకిల్ గంట ఇంటే, కొలువు తీసేసిన కాయితమేమోనని తలుపు కాడికి ఉరికేదాన్ని. సారు ఎప్పటి తీరుగనే నీళ్లకు దిగేది, ఎట్లున్నరు అక్కయ్యగారూ అనేది. నేను సుత ఎప్పటి తీరుగనే చింతచిగురు పప్పు వండితే గిన్నెడు మీదికి పంపేదాన్ని. ఆ ముచ్చట మాత్రం ఎవ్వలం ఎత్తలె. ఎత్తితే ఏం మిగిలేది?

కడకు హుకుం వచ్చింది. ఫ్యాక్టరీ మూయలె. గిలిటు పని ఆపిన్రు. గుంతలు తవ్వి, మురికినీళ్లు అండ్ల ఆపి, మందు కలిపి, విషం అడుగుకు దిగినంక మీది తేట నీళ్లు ఇడవాలె. చెక్క ఎప్పటికీ మోరిల ఉండాలె. కంపెనీ మనిషి ఒకడు రోజు కొలిచి, ఉన్నది ఉన్నట్టు సర్కారుకు చెప్పాలె. గవన్నీ అయినంకనే పని మళ్ల మొదలు వెట్టాలె. మేనేజరు మా ఆయనను పిలిచి, ఆ సారు మీ ఇంట్లనే ఉంటడట గదా, నువ్వే పో మోరి కాడికి, లేకుంటె ఇంటికి పో అన్నడట.

ఆ సాయంత్రం మా ఆయన అంగి సుత ఇడవకుండ గడప మీద కూసున్నడు. ఇన్నేండ్లు ఆబిడ్స్‌ల ఫ్యాన్ కింద కూసున్న మనిషి. సారు మెట్లు దిగివచ్చి ఆయన పక్కకు కూసున్నరు.

"అంతా మీ పుణ్యమే సారూ," అన్నడు మా ఆయన.

"పుణ్యం కాదు బావగారూ, కంపు. మొదటి వారమే ఉంటుంది. తర్వాత ముక్కు రాజీనామా ఇస్తుంది."

మా ఆయన నవ్వలె. ఆ చెక్క మీద నీళ్ల ఎత్తు ఎక్కడ చూడాలె, కోత కాడనా, జర ఎనుకనా అని అడిగిండు. ఎనుకనే, నీళ్లు వంగకముందు చూడాలి అని సారు చేతితోని చూపెట్టిన్రు. తలుపు ఎనుక నిలవడి నేను ఆ ముచ్చట ఇన్న. అప్పుడు పోయి పొయ్యి ముట్టిచ్చిన.

మా ఆయన పింఛన్ అయ్యేదాక ఆ మోరి కాడనే పనిచేసిండు. ఇష్టపడి చేసిండని చెప్ప. ఇంటికి రాంగనే స్నానం చేస్తేగాని ఎవ్వల్ని ముట్టేది కాదు. కంపెనీల ఆయనకు ఎవ్వలు శాబాష్ అనలె. నీళ్లు సుత పూరా మంచిగ కాలె. గుంత నిండితే ఒక్కొక్కనాడు పచ్చగనే పారేటియి. ఆ దినం పచ్చగ పారినయనే రాసేది, ఇంటికొచ్చి తిట్లు తిన్న అనేది. పల్లెల ఇంకో బావి తవ్వుకున్నరట. పాత బావి సంగతి నాకు తెల్వది. సారు మా ఇల్లు ఇడిచి కోఠి దిక్కు బిడ్డ ఇంటికి పోయినంక సుత, మా ఆయన లెక్కల అనుమానం వస్తే నడుసుకుంట గక్కడికే పోయేటోడు. మా ఆయన పోయిన దినం పదకొండు గంటల ఎండల సారు నడిచి వచ్చి, గోడకు ఆనుకొని కూసున్నరు. ఎడమ చెయ్యి ఎనుకకే పెట్టుకొని.

రుణం తీరిందని గొప్ప మాటలు రాయ. నేను అడిగింది ఆయన ఇయ్యలె. ఇయ్యకుంటనే మా ఇల్లు నిలవడ్డది. అదెట్లనో ఇప్పటికీ నాకు సక్కగ అర్థం కాదు.

మొదటి దినం ముచ్చట ఒక్కటి చెప్పి ఆపుత. మా ఆయన మోరి కాడికి బయలెల్లిన పొద్దు, సారు తన దఫ్తర్‌కు సెలవు పెట్టి ఎంట పోయిన్రు. ఎండాకాలం. సీసలల్ల పట్టే నీళ్లు లెబోరేటరీకి చేరేదాక చెడిపోవద్దని ఐస్ దుకాణంల మంచుగడ్డ కొని గోనెసంచిల పెట్టిన్రు. సంచికి ఒక కొస మా ఆయన, ఒక కొస సారు పట్టుకున్నరు. టేషన్ రోడ్డు దాక నేను సూస్తనే ఉన్న. రిక్షాల నడుమ ఇద్దరి వీపులు. సంచిల కెళ్లి మంచు కరిగి సుక్కలు పడుకుంట పోయినయ్, వాళ్లెనుక రోడ్డు మీద సన్నగ తడిగీత. వాళ్లు మలుపు తిరగకముందే ఆ గీత మా గల్లీ దిక్కుకెళ్లి ఆరుకుంట పోతున్నది.