సంతకం పెట్టని బల్బులతో న్యూ లిన్ దాకా

ఉదయం తొమ్మిదిన్నరకు టకానిని స్టేషనులో రైలెక్కాను. ఒళ్ళో అట్టపెట్టె, దాని నిండా ఇండియా నుంచి వచ్చిన ఎల్‌ఈడీ బల్బులు. సంచిలో ఒక డిక్లరేషన్, కింద నా సంతకం కోసం వదిలిన ఖాళీ. న్యూజీలాండ్‌లో ఈ బల్బులు అమ్మాలంటే ఇక్కడి ప్రమాణాల ప్రకారం పరీక్ష చేయించాలి. ఆ రిపోర్టు చూసుకుని, పరీక్ష అయిందని దిగుమతి చేసినవాళ్ళు ఆ డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. మా కంపెనీలో ఆ పని నాది. మా దగ్గరున్నది ఇండియా రిపోర్టు ఒక్కటే.

మా యజమాని రమణ అంకుల్‌కు అది చాలు. "అక్కడి హోల్డరూ ఇదే, కరెంటూ ఇదే. విమానం దిగితే బల్బు మారిపోతుందా? దీపావళికి సరుకు షాపులో ఉండాలి. రైల్లో సంతకం పెట్టేసి న్యూ లిన్ షాపులో ఇచ్చేసిరా," అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. ఆయన దాన్ని సరే అనుకున్నారు. అందరూ అలాగే అనుకుంటారు. నా వర్క్ వీసా ఆయన కంపెనీతో ముడిపడి ఉంది.

రైల్లో పుస్తకం తెరిచాను గానీ పేజీ తిరగలేదు. ఎదురు సీట్లో ఒక ఆంటీ పెట్టె మీది బొమ్మ చూసి తెలుగులో పలకరించారు.

"బల్బులా? నాకో నాలుగివ్వమ్మా. కిందటిసారి మా అత్తగారు కందిపప్పులో దాచి తెచ్చారు. ఒక్కటీ పగల్లేదు."

"అమ్మడానికి లేదాంటీ."

"ఏం, వెలగవా?"

"వెలుగుతాయి. ఇక్కడి పరీక్ష అవలేదు."

"మా ఇంట్లో వెలుగుతున్నవాటికి ఎవరు పరీక్ష పెట్టారు?" అని నవ్వి, నా చేతిలో రెండు చేగోడీలు పెట్టారు.

ఇంట్లో వాడుకోవడానికి పప్పులో దాచి తెచ్చుకోవడం వేరు, పరీక్ష అయిందని రాసిచ్చి వందలమందికి అమ్మడం వేరు. ఆ మాట ఆంటీకి చెప్పలేకపోయాను. చేగోడీలు నములుతూ నాకు నేను చెప్పుకున్నాను.

న్యూమార్కెట్‌లో రైలు మారాలి. బరువుంటే మెట్ల జోలికి పోకుండా లిఫ్టు వెతుక్కోండి. న్యూ లిన్‌లో ప్లాట్‌ఫాం వీధికన్నా దిగువన ఉంటుంది, అక్కడా లిఫ్టే. పదకొండు కావస్తుండగా షాపు చేరాను. సరుకు కొంటున్న సురేష్ అన్న సొంతూరు నల్గొండ. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి షాపు పెట్టుకున్నాడు.

"అచ్చినవా చెల్లె. కాగితం ఇయ్యి, సాయంత్రానికి షెల్ఫ్ మీద పెడ్త."

"కాగితం ఉందన్నా. సంతకం పెట్టను."

"పెన్ను లేదా? ఇగో."

"పెన్నుంది. ఇక్కడి పరీక్ష జరగలేదు."

"రమణ సార్ అన్నీ అయినయన్నడు గదా."

నేనేదో గొణిగాను.

"గట్ల మాట్లాడితే ఎవలకు ఇనబడ్తది? మళ్ల చెప్పు."

మళ్ళీ చెప్పాను. "పరీక్ష కాలేదు. వీటిని అమ్మకూడదు."

బియ్యం సంచులు చూస్తున్న ఇద్దరు నావైపు తిరిగారు.

"మెల్లగ, మెల్లగ. గిరాకీలున్నరు," అంటూ అన్న పెట్టెను నా వైపు తోశాడు. "తీస్కపో తల్లీ. మీ సార్‌కు నువ్వే చెప్పుకో."

స్టేషను పక్కన డెయిరీలో, అంటే ఇక్కడి చిల్లరకొట్టులో, చీజ్ కూరిన 'పై' ఒకటి కొన్నాను. లోపల సలసల కాగుతోంది, నాలుక కాలింది. తిరుగు రైల్లో కూర్చోగానే, పరీక్షకు ఎన్ని బల్బులు పంపాలో అడుగుతూ ఒక ల్యాబుకు మెయిల్ రాశాను. ఆ మెయిల్ కాపీ రమణ అంకుల్‌కూ పెట్టాను. న్యూమార్కెట్ దాటాక ఆయన ఫోను. నలుగురి ముందు ఫోనులో మాట్లాడటం నాకు చచ్చేంత సిగ్గు. అయినా ఎత్తాను.

"నన్నడక్కుండా ల్యాబుకి రాయడమేంటమ్మా?"

"షాపులో ఇవ్వలేదంకుల్. వెనక్కి తెస్తున్నాను."

"దీపావళి పోతుంది."

"పోతుందంకుల్."

"నీ వీసా సంగతి ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను. మీరు నన్ను వద్దంటే ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాను. పరీక్ష పాసైతే ఆ రోజే సంతకం పెడతాను. ఈలోగా పెట్టను."

ఆయన ఫోను పెట్టేశారు. నా మొహం వేడెక్కింది. తల దించుకోలేదు.

ఈ ప్రయాణంలో చూడదగ్గ వింతలేమీ లేవు. మోటర్‌వే, కొత్త ఇళ్ళ కప్పులు, మళ్ళీ మోటర్‌వే. ధైర్యం చేశాక పెట్టె తేలికైందని రాయాలని ఉంది గానీ, కాలేదు. పొద్దున ఎంత బరువుందో అంతే ఉంది. టకానినిలో దాన్ని రెండు చేతులా ఎత్తుకుని దిగి, మా కంపెనీ గోడౌన్ వైపు నడిచాను. అంకుల్ అక్కడే ఉంటారు. ఉండనీ.