గీత లోపలి ఇంగ్లీషు

గరికపాడు దగ్గర మా బడిలో రెండో తరగతికి ఇంగ్లీషు చెప్పడమంటే, నందిగామ నుంచి బస్సులో నిలబడి వచ్చి ఇక్కడా నిలబడే ఉండటం. పిల్లలు మాత్రం హాయిగా కూర్చుని, అందరూ కలిసి బడి కప్పు ఎగిరిపోయేలా అరుస్తారు. అందులోంచి ఒక్కరిని లేపి విడిగా చెప్పమంటే చాలు, నేలచూపులు.

అందుకని గది మధ్యలో సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, అది కూరగాయల కొట్టన్నాను. కాసిని టమాటాలు, బెండకాయలు, మా ఇంట్లో మూల పడి ఉన్న తక్కెడ. లోపలున్నంతసేపూ ఇంగ్లీషే మాట్లాడాలి, తప్పులొచ్చినా ఎవరూ నవ్వకూడదు. నేను పెట్టిన షరతులు అంతే. ఏడేళ్లవాళ్ల చేతికి ఒక షరతు చిక్కితే లాయర్లు కూడా వాళ్ల ముందు దిగదుడుపే. లోపల తెలుగు కూడదంటే బయట ఇంగ్లీషు కూడదని వాళ్లే తీర్మానించేశారు. ఒకడికి తుమ్మొస్తే గీత దాటి వెళ్లి తుమ్మి వచ్చాడు. తుమ్ము తెలుగేనట.

మా కొట్టులో అందరికన్నా గట్టి వ్యాపారి, చెక్‌పోస్టు దగ్గర టిఫిన్ బండి నడిపే ఆవిడ కూతురు. గీత లోపల నిలబడితే బేరమంతా ఇంగ్లీషులో దంచేసేది. అదే బండి దగ్గర, లారీ డ్రైవర్ల ముందు వాళ్లమ్మ "ఏదీ, ఇంగ్లీషులో ఓ ముక్క మాట్లాడు" అంటే మూతి బిగించేసేది. అక్కడ గీత లేదు మరి! మా చట్టాన్ని ఇంటిదాకా మోసుకెళుతోందని నాకు మాత్రం ఏం తెలుసు?

ఒకరోజు పొద్దున్నే తల్లి క్లాసులోకే వచ్చింది. చేతులకు ఇంకా పిండి అంటుకునే ఉంది.

"టీసీ ఇచ్చెయ్యండి మేడమ్. జగ్గయ్యపేట కాన్వెంటు బస్సు మా బండి ముందే ఆగుద్ది. రేపట్నుంచి ఎక్కించేస్తా."

"పిల్ల చక్కగా మాట్లాడుతుందమ్మా."

"ఎక్కడండీ? నేనడిగితే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు ఉంటది. అందరి ముందూ నా పరువు పోతంది."

నాకు ఒళ్లు మండింది. అయినా తమాయించుకుని, మాట్లాడవే తల్లీ అని పిల్లను బతిమాలాను. పెదవి విప్పలేదు. అది వెళ్లిపోతుందంటే నాకు నిజంగానే బెంగగా ఉంది.

పిల్ల నా బల్ల మీది సుద్దముక్క తీసుకుంది. గొంతుక్కూర్చుని, వాళ్లమ్మ చెప్పుల చుట్టూ గుండ్రంగా గీత గీసి, తనూ లోపలికి వచ్చి నిలబడింది.

"గుడ్ మార్నింగ్ మేడమ్. వాట్ డు యు వాంట్? టమాటా ఫ్రెష్. బ్రింజాల్ నాట్ గుడ్ టుడే."

తల్లి నిలువుగుడ్లేసుకుని చూసింది. పిల్ల జవాబు కోసం ఎదురుచూస్తోంది. లారీ డ్రైవర్లను ఒక్క కేకతో వరసలో నిలబెట్టే ఆవిడ, పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ నావైపు చూసింది. నేను సాయం చెయ్యలేదు.

పిల్ల గీత దాటి బయటకు వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని తెలుగులో మెల్లగా చెప్పింది.

"భయపడమాకమ్మా. తప్పొచ్చినా ఇక్కడ ఎవరూ నవ్వరు."

మళ్లీ లోపలికెళ్లి నిలబడింది.

"టూ... టమాటా," అంది తల్లి.

పిల్ల మా కొట్టు తక్కెడ అందుకుని తూచి ఇచ్చింది. టీసీ కోసం వచ్చిన ఆవిడ ఆ టమాటాలు పుచ్చుకుని, కూతురి చెవి దగ్గరకు వంగి, "బెండకాయల్ని ఏమంటారే?" అని అడిగింది.