ఏడు నెలల కామెర్లు

నాకు ఇంతవరకు కామెర్లు రాలేదు. అయినా ఒక ఎండాకాలంలో నాలుగు రోజులపాటు, కాగితం మీద, నేను కామెర్లు వచ్చి తగ్గిన మనిషిని.

తొంభైల చివరి సంగతి. ఐటీఐ చదివి పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా పనిచేసేవాణ్ణి. పనిచేసేవాణ్ణి అంటే ఎక్కడా స్థిరంగా కాదు. ఏడాదికోసారి ప్లాంటు ఆపి మరమ్మతులు చేస్తారు. దాన్ని షట్‌డౌన్ అంటారు. ప్రెషర్ గేజీలు విప్పి సరిచేయడానికి అప్పుడు మాలాంటివాళ్ళు గుర్తుకొస్తారు. ఒకచోట మూడు వారాలు, ఇంకోచోట రెండు నెలలు. పని అయిపోయిన రోజు గేట్ పాస్ వెనక్కి ఇచ్చేసి సైకిలెక్కడమే. మళ్ళీ ఎవరు పిలుస్తారో పిలిచేదాకా తెలియదు.

ఒకసారి అలా ఏడు నెలలు ఎవరూ పిలవలేదు.

ఆ ఏడు నెలలూ నా భార్య ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయింది. బీరంగూడలో మేము కిరాయికున్న ఇంటి సందు చివరికి పొద్దున్నే కంపెనీ వ్యాను వచ్చేది. ఆమె డబ్బా కట్టేది నేను. మా పాపకు జడలు వేసి అంగన్‌వాడీలో దింపేదీ నేనే. మొదట్లో రెండు జడలూ రెండు దిక్కులకు పోయేవి, నెల తిరిగేసరికి చేయి కుదిరింది. నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడితే ఆడవాళ్ళు "అన్నకు జెర జాగ ఇయ్యుండ్రి, ఆయనకు మస్తు పనులుంటయి" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, లోపల మాత్రం మండేది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో భార్యను చూస్తే నాకు ప్రేమకంటే సిగ్గే ఎక్కువ కలిగేది.

ఆ తర్వాత మరో మందుల ఫ్యాక్టరీలో పర్మినెంట్ ఉద్యోగాలు పడ్డాయి. మా దగ్గర పర్మినెంట్ అన్న మాటకున్న విలువ బయటివాళ్ళకు ఎంత చెప్పినా అర్థం కాదు. గేట్ పాస్ వెనక్కి ఇవ్వక్కర్లేదు, అంతే. ఆ అంతే కోసం ఎంతమందిమి ఎన్ని గేట్ల ముందు నిలబడ్డామో.

బస్టాండు దగ్గర ఒక టైపింగ్ దుకాణం ఉండేది. మా ఏరియా బయోడేటాలన్నీ అక్కడే పుట్టేవి. దుకాణమాయన నా కాగితం మీద వేలు నడిపిస్తూ వచ్చి ఆ ఏడు నెలల దగ్గర ఆపాడు.

"ఈడ ఏం జేసినవ్ తమ్మీ?"

"ఖాళీగున్న."

"గట్ల జెప్పకు. పని రానోడని ఎవరూ పిలువలేదనుకుంటరు. కామెర్లు వచ్చినయని చెప్పు. ఇగ ఎవ్వరూ ఏమడగరు."

"కామెర్లు ఏడు నెలలుంటయా?"

"తిరగబెట్టినయని చెప్పు."

ఇంటర్వ్యూలో ఇద్దరు కూర్చున్నారు, ఒక ఇంజనీరు, ఒక పర్సనల్ ఆఫీసరు. ఇంజనీరు గేజీల గురించి అడిగిందల్లా చెప్పాను. చివరగా ఆయన, "గేజీ చెడిపోయి ఒక గంట రీడింగ్ తీయలేకపోయారు. లాగ్ షీట్‌లో ఏం రాస్తారు?" అన్నాడు.

"ఖాళీగ ఇడుస్త సార్. పక్కన కారణం రాస్త. ముందు గంటది చూసి అందాజగ నింపితే ప్లాంటుకే ప్రమాదం."

ఆయన తల ఊపాడు. నాకు ఛాతీ పొంగింది. తర్వాత పర్సనల్ ఆఫీసరు ఆ ఏడు నెలల సంగతి అడిగాడు. కామెర్లన్నాను, తగ్గి మళ్ళీ తిరగబెట్టాయన్నాను.

"పసరు మందు తాగారా?"

"తాగిన సార్. నూనె బంద్, కారం బంద్. మజ్జిగ బువ్వనే."

చెబుతూ ఉంటే నా నోరే చప్పబడిపోయింది. ఆయన పాపం అన్నట్టు చూసి రాసుకున్నాడు. సెలెక్ట్ అయ్యారు, నాలుగు రోజుల తర్వాత మెడికల్‌కు రండి అన్నారు.

ఇంటికొచ్చి పసరు మందుతో సహా అంతా భార్యకు నవ్వుతూ చెప్పాను. బియ్యం చెరుగుతున్న ఆమె చేతులు ఆగాయి.

"ఏడు నెలలు నువ్వు మంచంల వడ్డవ్. మరి నేనెక్కడున్న?"

"కొలువు కోసం ఉత్తగ జెప్పిన."

"నిలవడి నిలవడి నా కాళ్ళు వాసినయి. దాన్ని తీస్కపోయి రోగం కింద రాపిచ్చినవ్." చాట పక్కన పెట్టేసి లేచిపోయింది. నాలుగు రోజులూ నాతో అవసరమైనంత వరకే మాట్లాడింది.

మెడికల్ రోజు కంపెనీ డాక్టరు నా కళ్ళు చూశాడు, కడుపు నొక్కి చూశాడు, రక్తం రిపోర్టు చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు. తర్వాత ఆఫీసరు రాసిన కాగితం చదివి పెన్ను పక్కన పెట్టాడు.

"ఇక్కడ రోజంతా సాల్వెంట్ల ఆవిరి మధ్య పని బాబూ, లివరుకు పడదు. కామెర్లు తిరగబెట్టినవాళ్ళను తీసుకోవద్దని ఇక్కడి రూలు. ఏమిటో, ఈ నెలలో నువ్వు నాలుగో కామెర్లవాడివి."

మిగతా ముగ్గురూ బయోడేటా ఎక్కడ టైపు చేయించారో నాకు వెంటనే అర్థమైంది. ఊరుకుంటే రాని రోగంతో ఉద్యోగం పోతుంది. నోరు విప్పితే అబద్ధంతో పోతుంది. ఎటూ పోయేదే అయినప్పుడు, ఇంట్లో ఆగిపోయిన ఆ చేతులే గుర్తొచ్చాయి.

"నాకు కామెర్లు రాలే సార్. పని దొరకలే. నా భార్య పనికి పోయింది. నేను ఇంటికాడ పిల్లను సూస్కున్న."

డాక్టరు ఆ కాగితం నా చేతికిచ్చి, "ఈ మాట నాకు కాదు, ఆయనకు చెప్పు" అని పర్సనల్ ఆఫీసరు గదికి పంపాడు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఖాళీ నెలలు మాకు కొత్త కాదండీ. ఇక్కడ అందరివీ అవే. కానీ లాగ్ షీట్ గురించి మొన్న మీరేం చెప్పారు? ఖాళీ వదిలి కారణం రాస్తానన్నారు. మీ షీట్ మీరే నింపేశారు. మిమ్మల్ని గేజీల దగ్గర ఎలా పెట్టను?"

సైకిల్ తొక్కుకుంటూ వచ్చేశాను. దారి పొడవునా ఆయన్ని తిట్టుకుందామని చూశాను గానీ తిట్టు కుదరలేదు.

మర్నాడు మళ్ళీ టైపింగ్ దుకాణానికి పోయాను. ఏడు నెలల దగ్గర ఏం కొట్టాలో చెబితే ఆయన మిషను మీంచి చేతులు తీసేశాడు. "గిట్ల ఎవరన్న రాపిస్తరా? నవ్వుతరు తమ్మీ."

"నవ్వనీ. కొట్టు."

ఆ కాగితంతో వెళ్ళిన మొదటి చోట నిజంగానే నవ్వారు. రెండోచోట ఉద్యోగం వచ్చింది. కానీ అదంతా తర్వాత. ఆ సాయంత్రం ఇంటికి రాగానే, ఇంగ్లీషులో ఉన్న ఆ ఒక్క వరుసను తెలుగులో చదివి నా భార్యకు వినిపించాను. ఈ ఏడు నెలలు నాకు పని దొరకలేదు, నా భార్య ప్యాకింగ్ పనిచేసి ఇల్లు నడిపింది.

ఆమె మళ్ళీ ఒకసారి చదవమంది. చదివాను. కాగితం తీసుకుని, ఆ వరుస ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను.

"ఇగ ఈడున్న నేను" అంది.