లేని చేతి వేలిముద్ర

నా ఎడమచెయ్యి తెగి మట్టిల కలిసిన రెండేండ్లకు, ఆ చేతి బొటనవేలి ముద్ర చూపించి నా వైద్యం ఆపేసిండ్రు. ముద్ర నాదే. నేను మాత్రం వెయ్యలే. రెండూ నిజమే.

నేను దయ్యాలను నమ్మేటోన్ని కాదు. వాడల ఎవరికన్న జ్వరం తగ్గకపోతే, బాణామతి అని గుసగుసలాడెటోళ్లను తిట్టి, రోగిని ఆటోల కూసోబెట్టి దవాఖానకు తోలిచ్చిన మనిషిని. బడి మొఖం చూడలే. పురుగుమందు డబ్బాల మీది అక్షరాలు, బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలు, ఇవే నా బడి. ఇరవై ఆరేండ్లకు సంతకం నేర్చుకున్న. ఆ నెల నుంచి మిల్లు రిజిస్టరుల వేలిముద్ర వేసుడు బంజేసిన. "ఏందిరో, దొరవైనవా?" అని మేనేజరు నవ్విండు. నవ్వనీ అనుకున్న, సంతకమే పెట్టిన.

మిల్లంటే జిన్నింగ్ మిల్లు, పత్తి నుంచి గింజ వేరు చేసేది. వరంగల్‌ల ఉన్నది, పేరు రాయను. దూది ఇరికితే కరెంటు బంజేసి తియ్యాలె. బంజేస్తే పని ఆగుతది, మేనేజరు తల్లిని చెల్లెని తిడుతడు. అందుకని అందరం మిషిన్ నడుస్తుండంగనే చెయ్యి పెట్టి గుంజేటోళ్లం. ఆ రోజు రోలర్లు దూదితో పాటు నన్ను కూడ గుంజినయి.

దవాఖానల మోచేతి కింద తీసేసిండ్రు. తీసేసిన చెయ్యిని సంచిల పెట్టి నా బామ్మర్ది కొమురయ్యకు ఇచ్చిండ్రు. మా ఇండ్లల్ల అట్లాంటిదాన్ని పారెయ్యరు, పాతిపెడ్తరు. అదే రోజు కొమురయ్య పరకాల దగ్గరి మా ఊరికి పోయి, తెల్లబట్టల ఉప్పుతోటి మూటగట్టి, మా నాయినను పెట్టిన కాడ పక్కనే పాతి వచ్చిండు.

గాయం మానింది గాని నొప్పి మానలే. లేని చెయ్యి పిడికిలి బిగుసుకునేది. లేని గోర్లు లేని అరచేతిల దిగేటియి. నరం కొసకు గడ్డ కట్టిందని, ఇంకో ఆపరేషన్ చేసి తియ్యకపోతే నొప్పి భుజానికి ఎక్కుతదని డాక్టరమ్మ చెప్పింది. పనిల దెబ్బ తగిలినోనికి వైద్యం మిల్లే చేయించాలె. చట్టం ఉన్నది, నేను కూడబలుక్కొని చదివిన. మిల్లుకు రాస్తే జవాబు లేదు. లేబర్ ఆఫీసుల అర్జీ పెట్టిన. నాకు కావాల్సింది ఆ ఆపరేషనే.

అర్జీ నడుస్తుండంగ ఒకనాడు పొద్దున పదకొండు గంటలకు సర్కారు దవాఖానల లైన్ల కూసున్న. పక్కన నా భార్య లచ్చవ్వ. ఉన్నట్టుండి నా లేని బొటనవేలును ఎవరో పట్టుకున్నరు. తడిగున్న దేని మీదనో అద్దిండ్రు. కాగితం మీద ఆనిచ్చి ఇటు నుంచి అటు దొర్లించిండ్రు. చిన్నప్పటి సంది ముద్రలేసినోన్ని, ఆ దొర్లించుడు నాకు తెల్వదా? కాసేపటికి ఆ వేలు నా నెత్తి మీదికి వచ్చి, చెవి పైన ఎంటికలకు తుడుచుకున్నది. కూలోళ్లం అందరం అంతే, ముద్ర వేసినంక సిరాను నెత్తికి తుడుచుకుంటం.

డాక్టరమ్మకు చెప్పిన. ఆమె చీటీల రాసుకొని, "తీసేసిన చెయ్యి ఉన్నట్టే అనిపిస్తది తాతా, చాలామందికి ఉంటది. ఫికర్ చెయ్యకు" అన్నది. నాకు ఆ మాట నచ్చింది. శాస్త్రం మాట.

బయటికొచ్చినంక లచ్చవ్వ నా దిక్కు చూసి ఆగింది.

"నెత్తికేం పూసుకున్నవయ్యా?"

"నేనేం పూసుకుంట?"

"ఊదా మరక. ముసలితనంల మళ్ల పెండ్లికొడుకువైతానవా?"

ఎడమ చెవి పైన, తెల్లెంటికల మీద, వేలంత మరక. నా కుడిచేతి వేళ్లు సాఫ్‌గున్నయి. లచ్చవ్వ నల్లా కాడ రెండుసార్లు కడిగింది. దవాఖానల ఏదో మందు అంటిందనుకున్నం.

నెల తిరగకముందే లేబర్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మీరు మిల్లుతో రాజీ పడ్డరు గనుక అర్జీ మూసేసినమని. పోయి నకలు అడిగిన. స్టాంపు పేపరు. "నా గాయము పూర్తిగా నయమైనది. ఇకపై ఎట్టి వైద్యము అక్కరలేదు." కింద ఎడమ బొటనవేలి ముద్ర. తారీఖు, నెత్తికి మరక అంటిన నాటి దవాఖాన చీటీ మీద ఉన్న తారీఖే.

అయినా మొదలు నవ్వే వచ్చింది. ఇంత తెలివితక్కువ దొంగలా అనుకున్న. సంతకం వచ్చినోని పేరు మీద వేలిముద్ర, అది కూడ లేని చేతిది! అప్పీలు రాసిన. ముద్రను నిపుణునికి పంపుమని నేనే అడిగిన. చదువును నమ్మినోన్ని గదా, నా గొయ్యి నేనే తవ్వుకున్న.

నిపుణుడు మిల్లు పాత రిజిస్టర్లల్ల ఉన్న నా ముద్రలతోటి పోల్చి, ఇది ఆయనదేనని రాసిండు. వేలి మధ్యల అడ్డంగ ఒక గాటు ఉన్నదని, అది పాత ముద్రలల్ల లేదని కూడ రాసిండు. నిజమే. సంతకం నేర్చిన పదేండ్లకు, పత్తి బేలుకు కట్టే ఇనుపపట్టీ కోసుకొని ఆ గాటు పడ్డది. పాత రిజిస్టరు నుంచి ముద్ర ఎత్తుకున్నరంటే గాటు ఎట్లొస్తది?

తెగిన రోజే, దవాఖానల, ఆ చెయ్యిని పట్టుకొని ఖాళీ కాగితం మీద ముద్ర గొట్టుకున్నరేమో అనుకున్న. మనుషులు అంతటి పని చేస్తరు, చూసిన. గని స్టాంపు పేపరు అమ్మినాయన తన రిజిస్టరు తీసి చూపిచ్చిండు. ముద్ర పడ్డ తారీఖుకు ముందు రోజే మిల్లోళ్లు దాన్ని కొన్నరు. అప్పటికి నా చెయ్యి మట్టిలకు పోయి రెండేండ్లు దాటింది.

ఇగ నా అనుమానం కొమురయ్య మీదికి పోయింది. ఇంటికి పిలిచి అడగరాని మాట అడిగిన.

"చెయ్యి పాతిపెట్టినవా, మిల్లోళ్లకు అమ్ముకున్నవా?"

కొమురయ్య లేచిండు. గడ్డపార తీసుకొని, నన్ను బండి మీద ఎక్కించుకొని ఊరికి పోయిండు. పట్టపగలు, ఎండల తవ్విండు. మూట దొరికింది. ఉప్పుకు బట్ట గట్టిపడ్డది, ముడి ఏసినది ఏసినట్టే ఉన్నది. విప్పి నా కాళ్ల ముందట పరిచిండు.

"లెక్కబెట్టుకో బావా. అన్నీ ఉన్నయో, అమ్ముకున్ననో."

సన్నసన్న బొక్కలు. నేను లెక్కబెట్టలే. కొమురయ్య ఫోన్లనే ఫోటో తీసి మళ్ల మూటగట్టి పాతిండు. ఆనాటి నుంచి మా గడప తొక్కలే. లచ్చవ్వకు ఉన్నది ఒక్కడే తమ్ముడు.

ఆ ఫోటో అప్పీలు ఆఫీసుల ఇచ్చిన. గుమాస్తా దాన్ని అటుతిప్పి ఇటుతిప్పి చూసిండు.

"ఇవి నీ బొక్కలేనని ఎట్ల నమ్మాలె తాతా? బొక్కలకు వేలిముద్రలుంటయా?"

పక్క టేబులాయన అందుకున్నడు. "చెయ్యికి డెత్ సర్టిఫికెట్ తెమ్మను."

ఇద్దరూ చాయ్ తాగుకుంట నవ్విండ్రు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషిని. బయటికొచ్చిన.

ఆఖరికి, ఆ ఒప్పందం మీద సాక్షి సంతకం పెట్టిన రాజయ్య ఇంటికి పోయిన. మిల్లుల కాంటా వేస్తడు, జీతాల రోజు కిటికీ కాడ కూసుంటడు. ఆ కిటికీ సంగతి చెప్పాలె. దానికి మందంగ జాలీ ఉంటది, కింద చెయ్యి పట్టేంత సందు. లోపలున్నోనికి మనిషి కనపడడు. చెయ్యే కనపడుతది. బయటోడు సందుల నుంచి చెయ్యి పెడ్తడు, లోపలోడు వేలు పట్టి ముద్ర గొట్టిస్తడు.

రాజయ్య నన్ను చూసి లేచి తలుపు దగ్గరకేసిండు.

"నన్నేం అడగకు అన్నా."

"అడగనీకె వచ్చిన. ఎవడు వేసిండు?"

"నువ్వే."

"రాజయ్యా, మొఖం చూసి చెప్పు."

"మొఖం నేను చూడలే అన్నా, చెయ్యి చూసిన. ముసలోడు వస్తడు, గొట్టించు అని మేనేజరు కాగితం ముందల పెట్టిండు. పదకొండు గంటలకు సందుల నుంచి చెయ్యి వచ్చింది. వేలు మీద గాటున్నది. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న చెయ్యి, నాకు తెల్వదా?"

"దెబ్బ తగిలిన నాడు నన్ను ఆటోల ఎక్కిచ్చిందే నువ్వు! అది తెగింది నీకు తెల్వదా?"

"ఆ ఘడియల ఏ చెయ్యి తెగిందో యాదికి రాలే. నా పిల్లల మీద ఒట్టు." మెల్లగ చెప్పిండు. "సల్లగ ఉండె అన్నా. గోర్లల్ల మట్టుండె. పత్తి పనోని గోర్లల్ల మట్టేంది అనుకున్న. సిరా పెట్టంగనే ఎనుకకు గుంజుకున్నది. వద్దన్నట్టు ఒణికింది."

"మరి ఇడిసిపెట్టకపోయినవా?"

"మేనేజరు నా ఎనుకనే నిలబడ్డడు. గట్టిగ పట్టి తిప్పిన."

ఆ చెయ్యి బతికినన్నాళ్లు మిల్లు మాట కాదనలే. మట్టిల కలిసినంక ఒక్కసారి వద్దన్నది, దాన్ని కూడ వినలే. ఎవరు తెచ్చిండ్రో, ఎట్ల వచ్చిందో ఎవరన్న చెప్తే వింటగని, ఇది మాత్రం నాకు అప్పుడే అర్థమైంది.

రాజయ్య మంచోడే. ఉద్యోగం పోతదని తెలిసి కూడ విచారణకు వచ్చిండు. సల్లదనం, మట్టి, గుంజుకున్నది, అన్నీ చెప్పిండు. ఆఫీసరు మొత్తం విని, ఒక్క ముక్క రాసుకున్నడు: సాక్షి తన ఎదుటనే ముద్ర పడినట్లు ఒప్పుకున్నాడు. మరుసటి నెల రాజయ్యను మిల్లుల నుంచి తీసేసిండ్రు.

చీటీ నా దగ్గర ఉన్నది. స్టాంపు పేపరు నకలు ఉన్నది. నిపుణుని రిపోర్టు ఉన్నది. ముందటేసుకొని ఎన్నిసార్లు చదివినా ఒకదానికి ఒకటి పొసగదు. చదువుకున్నోళ్లను అడిగిన. ఒకరు మోసమన్నరు, ఒకరు నా భ్రమ అన్నరు. మోసమైతే మరక నా నెత్తికెట్లొచ్చింది? భ్రమైతే ముద్ర కాగితం మీదికెట్లొచ్చింది? నాకు తెల్వదు. నొప్పి ఇప్పుడు భుజానికెక్కింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే జరిగింది.

పై ఆఫీసుకు ఆఖరి అప్పీలు పెట్టుకున్న. జవాబు మొన్ననే రిజిస్టరు పోస్టుల వచ్చింది. అక్షరం మార్చకుండ రాస్తున్న:

"తమరి అప్పీలు పరిశీలించడమైనది. ఒప్పందముపై గల ఎడమ బొటనవేలి ముద్ర తమరిదేనని నిపుణుడు మరియు సాక్షి ధ్రువీకరించియున్నారు. సదరు తేదీ నాటికి తమరికి ఎడమచేయి లేదను విషయము ఈ విచారణ పరిధిలోనికి రాదు. కావున వైద్యము నిమిత్తము తమరి కోరిక తిరస్కరించడమైనది. ఇందుకు అభ్యంతరము ఉన్న యెడల, పోల్చి చూచుట కొరకు తమరి ఎడమ బొటనవేలి తాజా ముద్రను, ముప్పది దినములలోగా ఈ కార్యాలయమునకు స్వయముగా హాజరై సమర్పించవలెను."