గడువు తీరిన పొట్లం

మా ఆఫీసు ఝువాంగ్ అన్న లెక్కలో లోకంలోని సకల రోగాలకూ కారణం ఒక్కటే: పొట్లం గడువు తీరడం.

పొట్లమంటే కొబ్బరి రుచిగల మొక్కజొన్న చిరుతిండి పొట్లం. మా తైవాన్‌లో సర్వరు ఉన్నచోటల్లా దాని నెత్తిన ఒకటి కొలువుదీరి ఉంటుంది. పొట్లం పేరుకే ‘బుద్ధిగా ఉండు’ అని అర్థం. ఆకుపచ్చ రంగుదై ఉండాలి, ఎవరూ తినకూడదు, గడువు దాటకూడదు. ఈ ధర్మాలు తప్పకపోతే యంత్రం మాట వింటుందని పెద్ద చదువులు చదివిన మేమూ నమ్ముతాం. నమ్మం అని పైకి అంటాం, అంతే.

ఝువాంగ్ అన్నది మాత్రం వీరభక్తి. ప్రింటరు కాగితం నమిలినా, నెట్ పోయినా, ఆఖరికి లిఫ్టు ఆగినా, చేతులు కట్టుకుని ప్రకటించేవాడు: “పొట్లం గడువు తీరింది.” తీసి చూస్తే నిజంగానే తీరి ఉండేది. పొట్లాల శాఖ ఆయనదే కనుక మేనేజరు శ్యుయే గారు శిక్ష వేసేవారు: “అందరికీ పాల టీ తాగించు!”

ఆ వానాకాలం ఓ గ్రంథాలయం కోసం నలభై కంప్యూటర్లకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కిస్తున్నాం. అంతా నెట్‌వర్క్ తీగమీదుగానే. ఖాళీ బుర్రతో మేలుకున్న యంత్రం తీగలోకి కేకేస్తుంది: “నా ఇంటి నంబరెంత?” సర్వరు నంబరిచ్చి, లినక్స్ దొరికే చోటు చూపిస్తుంది. ఆ రోజు మాత్రం ప్రతి యంత్రమూ నంబరు పుచ్చుకుని, నల్లటి తెరతో శూన్యంలోకి చూస్తూ కూర్చుంది.

“సాయంత్రం వీటికోసం లారీ వస్తుంది! ఎవరు కెలికారో తేలాలి. వాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు!” అన్నారు శ్యుయే గారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాని కొత్తమ్మాయి పెయ్‌షాన్ ముఖం పాలిపోయింది.

ప్రళయమొచ్చినా మా ఆఫీసులో మధ్యాహ్నపు కునుకు ఆగదు. దీపాలార్పి, బల్లలమీద దిండ్లు వేసుకుని అందరం తలలు వాల్చాం. అద్దాలమీద వాన. చీకట్లో యంత్రాల పచ్చదీపాలు సముద్రంలో చేపల పడవల్లా మిణుకుమిణుకుమంటున్నాయి. మేనేజరు గారి గురక అలలా వచ్చిపోతోంది.

ఆ మగతలో చూశాను. ఝువాంగ్ అన్న మోకాళ్లమీద పాకుతున్నాడు, తీగను తడుముకుంటూ. “భోంచేశావా నాయనా?” అని ఓ యంత్రాన్ని గుసగుసగా పలకరించాడు. “ఇది మన వీధి నంబరు కాదే! ఎవరిచ్చారు?”

తీగ పెయ్‌షాన్ బల్లకింద ఆగింది. ఫోనుకు సిగ్నలందక ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న వైఫై పెట్టె అక్కడుంది. సర్వరుకన్నా ముందే అది అందరికీ నంబర్లు పంచేస్తోంది. పాపం, దాని దగ్గర లినక్స్ లేదు.

పెట్టె ఊడదీసి ఆమె సంచిలో పెట్టాడు. ఆమె కళ్లు తెరిచింది. “అన్నా, నేను...”

“నిద్రపో చెల్లీ.”

తర్వాత సర్వరు నెత్తిన నిగనిగలాడే పొట్లం తీసేసి, తన సొరుగులోంచి ఓ పాతది తెచ్చి పెట్టాడు.

దీపాలు వెలిగాయి. “పొట్లం గడువు తీరింది,” అని ప్రకటన వెలువడింది. కొత్త పొట్లం పెట్టాం. యంత్రాలన్నీ బుద్ధిగా లేచాయి.

“మళ్లీ నువ్వేనా! ఎన్నిసార్లయ్యా! పాల టీ!” అన్నారు శ్యుయే గారు, సర్వరుకు చేతులు జోడిస్తూనే.

“పొట్లం మార్చావు కదన్నా?” అని చెవిలో అడిగాను.

“కలగన్నావు,” అన్నాడు.

పెయ్‌షాన్ ఉద్యోగం ఖాయమైంది. కొన్నాళ్లకు శ్యుయే గారు ఫోను ఛార్జింగ్ పెట్టుకోబోయి సర్వరు కరెంటు తీగే పీకేశారు. యంత్రాల హోరు ఆగిపోయింది. తీగ ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

పెయ్‌షాన్ ఝువాంగ్ అన్న బల్ల దగ్గర ఓసారి వంగి లేచి, సర్వరు దగ్గరికెళ్లి, మాకు వీపు చూపిస్తూ కాసేపు నిలబడి, చేతులు కట్టుకుని వెనక్కి తిరిగింది. “సార్, పొట్లం గడువు తీరింది.”

ఆయన తీగను చూశారు, పొట్లాన్ని చూశారు, ఝువాంగ్ అన్నను చాలాసేపు చూశారు.

“ఈసారి పాల టీ నేను తాగిస్తాలే,” అన్నారు.

ఝువాంగ్ అన్న సొరుగు తెరిచి, పాత పొట్లాల్లో ఒకటి తగ్గిందని చూసుకుని, చప్పుడు కాకుండా మూసేశాడు.